రద్దు వేరు, వసూలు వేరు

“మీ కాల్ మాకు చాలా విలువైనది” అని ఆ గొంతు పంతొమ్మిదోసారి చెప్పింది.

“అంత విలువైనదైతే ఎత్తి చావొచ్చుగా!” అన్నాడు నిదానం, వ్యాన్ స్టీరింగు మీద గుద్దుతూ.

నిదానం అతని అసలు పేరు కాదు. ఏ పనీ హడావిడిగా చెయ్యడని తోటివాళ్లు పెట్టిన పేరు. అలాంటి మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం నిప్పు తొక్కిన కోతిలా అయిపోయాడు.

సంగతి చిన్నదే. వీధి మలుపులోని వాచీల షాపుకు ఒక కంపెనీ వాళ్ల కాపలా సర్వీసు ఉంది. గోడకో పెట్టె, దానికో సైరన్. షాపు మూసి ఉన్నప్పుడు లోపల పిల్లి ఆవులించినా చాలు, ఆ పెట్టె వీధంతా మార్మోగేలా కేకలు పెడుతుంది. ఖర్చు తడిసి మోపెడవుతోందని, సర్వీసు రద్దు చెయ్యమంటూ కంపెనీకి ఉత్తరం వెళ్లి మూడు నెలలైంది. అందినట్టు రసీదు కూడా వచ్చింది. అయినా ఐదో తారీఖు వస్తే చాలు, బ్యాంకు ఖాతాలోంచి పన్నెండు వందలు టంచనుగా కట్ అవుతున్నాయి. పెట్టె మీది ఎర్ర లైటూ మిణుకుమిణుకుమంటూనే ఉంది. షాపు వెనక సందులో ఆపిన వ్యాన్‌లోంచి చూస్తే, వెంటిలేటర్ అద్దంలో అది కన్ను కొడుతున్నట్టే ఉంది.

ఇంట్లో ఆవిడ పొద్దున్నే తెగేసి చెప్పింది. “మూడు నెలల నుంచీ ఆ షాపు, ఆ షాపు అని నా ప్రాణం తీస్తున్నారు. ఇవాళ అది తేలకపోతే రేపట్నుంచి మా పెద్దన్నయ్య గోడౌన్‌లో ప్యాకింగ్ పనికెళ్లండి.”

ఇరవై ఏళ్లుగా ఒకడి కింద పని చెయ్యకుండా సొంత తెలివితో బతికిన మనిషి. ఇప్పుడు తొమ్మిదింటికల్లా రిజిస్టర్‌లో సంతకం పెట్టి, సాయంత్రం దాకా అట్టపెట్టెలు కట్టాలా?

ఎట్టకేలకు ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. నిదానం ఒళ్లో ఉన్న బిల్లు చూసి కస్టమర్ నంబరు చదివాడు. ఆ బిల్లు ఒకప్పుడు ఎవరి కోపానికో నాలుగు ముక్కలై, టేపుతో మళ్లీ ఒక్కటైంది. షాపు లైసెన్సు నంబరు, ఖాతా ఆఖరి నాలుగంకెలు అడగ్గానే గడగడా అప్పజెప్పాడు. అదే తన పెళ్లిరోజు అడిగి ఉంటే నీళ్లు నమిలేవాడు.

“మా సిస్టమ్‌లో రద్దయినట్టే చూపిస్తోంది సర్.”

“మరి లైటెందుకు వెలుగుతోందమ్మా?”

“నెలనెలా డబ్బు వస్తోంది కాబట్టి సర్.”

“డబ్బెందుకు లాగుతున్నారు?”

“లైటు వెలుగుతోంది కాబట్టి సర్. రద్దు విభాగం వేరు, వసూలు విభాగం వేరు.”

నిదానం ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. జీవితంలో ఎంతోమందిని చూశాడు గానీ, ఇంత పకడ్బందీగా జనాన్ని ముంచేవాళ్లను చూడలేదు. ఒకింత గౌరవం కూడా కలిగింది. దాన్ని వెంటనే దిగమింగుకున్నాడు.

“ఇది పట్టపగలు దోపిడీ! ఒక చిన్న వ్యాపారి కష్టార్జితం నెలనెలా నొక్కేస్తున్నారే, మీకసలు మనస్సాక్షి లేదా?” ఆ మాట అంటుంటే అతని గొంతు నిజంగానే వణికింది.

అవతల అమ్మాయి మాత్రం చలించలేదు. “పాత కస్టమర్లకి ఈ నెల ఇంకో సైరన్ ఉచితం సర్. రేపే మనిషొచ్చి బిగిస్తాడు.”

“వద్దు తల్లీ! ఉన్నది ఆపమంటే ఇంకోటి తగిలిస్తానంటావేంటి?”

పక్క సీట్లో బావమరిది గోళ్లు కొరుక్కుంటున్నాడు. “వదిలెయ్ బావా. అన్నయ్య గోడౌన్‌లో ఇద్దరం చేరిపోదాం. రెండు పూటలా టీ కూడా ఇస్తారట.”

“నోర్ముయ్” అని వాణ్ని కసిరి, “మీ పై ఆయనకివ్వమ్మా ఫోను” అన్నాడు నిదానం.

పావుగంట సంగీతం విన్నాక పై ఆయన దొరికాడు. మర్యాదస్తుడు. “కారణం చెప్పందే కంప్యూటర్ ఒప్పుకోదండీ. షాపు మూసేస్తున్నారా? వేరే కంపెనీకి వెళ్తున్నారా? సరుకు వేరే చోటికి మారుస్తున్నారా?”

“ఆఁ, అదే. సరుకు మొత్తం మారుస్తున్నాం. ఇవాళే.”

“ఆ ముక్క ముందే చెప్పుంటే అయిపోయేది కదండీ!”

టకటకా మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నిదానానికి పట్టుదల వచ్చేసింది. “మూడు నెలలుగా లాగిన డబ్బు కూడా ఖాతాలో వెనక్కి వెయ్యాలి.”

బావమరిది చొక్కా పట్టుకుని లాగాడు. “ఇప్పుడదంతా ఎందుకు బావా?”

“ఊరుకోరా. న్యాయం న్యాయమే.”

ఇంకో పది నిమిషాలు ప్లీడరులా వాదించాడు. చట్టమన్నాడు, కోర్టన్నాడు, పేపర్లో వేయిస్తానన్నాడు. పై ఆయన దిగివచ్చాడు. “మూడు వేల ఆరు వందలూ రేపటికి ఖాతాలో పడతాయండీ. సర్వీసు ఈ క్షణం నుంచి ఆపేశాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.”

వెంటిలేటర్ అద్దంలో ఎర్ర లైటు ఆరిపోయింది. నిదానం కళ్లు చెమర్చాయి. బావమరిది ఆనందం పట్టలేక అతని బుగ్గ మీద ముద్దు పెట్టాడు.

“మా సేవకు ఐదులో ఎన్ని మార్కులిస్తారండీ?”

“ఐదూ వేసుకోండి” అన్నాడు నిదానం ఉదారంగా.

ఫోన్ పెట్టేసి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, రంపం తీసుకుని వ్యాన్ దిగి, మూడు నెలలుగా బయటి నుంచి మాత్రమే చూస్తూ వచ్చిన ఆ షాపు వెనక కిటికీ ఊచలు కొయ్యడం మొదలుపెట్టాడు.