నీలి గుమ్మటం

"మూడొందల ఏళ్ళనాటిది," అంది అనెజీనా, కిందటి వేసవిలో మొగుడు జాన్నిస్ సున్నం వేసిన గోడను నిమురుతూ.

పర్యాటకులు భక్తిగా తలలు వంచారు. ఇసుక అంచున తెల్లటి చిన్న చర్చి. నీలి గుమ్మటం. దాని కొసనుంచి సన్నటి పొగ.

"ధూపం," అంది అనెజీనా.

ద్వీపంలో నిజంగా పాతవైన చర్చిలు చాలానే ఉన్నాయి. కాని వాటికోసం కొండెక్కాలి.

ఒక జర్మన్ ఆవిడ గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. "ఎంత వెచ్చగా ఉందో. ఇక్కడేదో శక్తి ఉంది."

"ఉండదూ మరి?"

ఆవిడ భర్త చెవి రిక్కించాడు. "లోపల తెర వెనక ఎవరో జపం చేస్తున్నట్టున్నారు."

"అక్కడికి ఫాదరుగారు తప్ప ఎవరూ వెళ్ళకూడదు," అంటూ అనెజీనా గుమ్మానికి అడ్డం నిలబడింది.

అప్పుడొచ్చాడు స్టాథిస్. ఒడ్డున అనుమతి లేని కట్టడాలు కూలగొట్టించే అధికారి. వెనకాలే బుల్డోజరు.

"పిన్నీ, ఫిర్యాదొచ్చింది. దీనికి కాగితాలున్నాయా?"

"దేవుణ్ణి కాగితాలడుగుతావా నాయనా? అడుగు. తర్వాత మీ అమ్మకి నువ్వే చెప్పుకో."

మనిషి దేవుడికన్నా తల్లికే ఎక్కువ జడుస్తాడని ఆమెకు తెలుసు. ఈ ద్వీపంలో ఇల్లు కూల్చినవాణ్ణి జనం మర్చిపోతారు. చర్చిమీద చెయ్యేసినవాణ్ణి కన్నతల్లి కూడా గడప తొక్కనివ్వదు. అయినా బుల్డోజరు వైపే చూస్తూ ఉండిపోయింది. ఇది కూలితే వాళ్ళ బతుకూ కూలినట్టే.

స్టాథిస్ లోపలికెళ్ళాడు. తెర పక్కన మసిబారిన పటం. ఆపిల్ కొమ్మ పట్టుకున్న పునీత ఎఫ్రోసినోస్.

"ఈయన మా ఇంట్లోనూ ఉండేవాడు," అన్నాడు. "మా అమ్మ ఏ గదిలో పెట్టిందా అని ఆలోచిస్తున్నా."

అనెజీనా మొగుణ్ణి మనసులోనే తిట్టుకుంది. వంటవాళ్ళని కాచే ఆ పునీతుడి పటం మార్చెయ్యమని అతనికి ఎన్నిసార్లు చెప్పింది. ఆయన్ని కదిపితే అచ్చిరాదని మొండికేశాడు.

స్టాథిస్ వంగి పటాన్ని ముద్దుపెట్టుకున్నాడు. పెదవులు ఓసారి చప్పరించాడు. బయటికొచ్చి బుల్డోజరును వెనక్కి పంపేశాడు. జర్మన్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అతను చర్చి పక్కన పందిరి కింద వాళ్ళు భోజనాలకి వేసిన బల్ల దగ్గర కూర్చుని, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ మెల్లగా అన్నాడు: "తెర వెనకున్న ఫాదరుగారితో చెప్పు పిన్నీ, నా చేపల్నైనా కొత్త నూనెలో వేయించమని."