డెబ్బై మూడో గడిలో చుక్క

"తాతా, ఇంకా గా నల్ల తెరనేనా?"

రాకేష్ అలా అనగానే నల్గొండ ఆఫీసులో అందరూ కిసుక్కున నవ్వారు.

లక్ష్మీనర్సయ్య తల తిప్పలేదు. ఆయన ముందు నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు. మౌస్ ముట్టడు. పనంతా కీబోర్డు మీదనే.

పక్కనున్న పానగల్ నుంచి పొద్దున్నే వచ్చి, నెల రోజులుగా ఆ మూలనే కూర్చుంటున్నాడు. ఏజెన్సీ వాళ్లు టెంపరరీగా పంపిన ముసలాయన అని తప్ప ఆయన సంగతి ఎవరికీ తెలియదు. అడిగే తీరిక రాకేష్‌కు అసలే లేదు.

తీరిక ఎక్కడిది పాపం. ఒక బీమా కంపెనీ తన మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీది పాత ప్రోగ్రాంలను వీళ్ల చేతికిచ్చి చూస్తోంది. సోమవారం ట్రయల్. నచ్చితే పని ఐదేళ్లు ఇక్కడే. నచ్చకపోతే పద్నాలుగు మంది ఇంటికి. ఆ పద్నాలుగు మందికి రాకేష్ లీడరు.

అందుకే పాత కోడునంతా కొత్త ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. రంగురంగుల అక్షరాలు. ఒక్క నొక్కు నొక్కితే వరుసలన్నీ చక్కగా సర్దుకుంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది మరి, కాదనేదేముంది.

శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య లేచి వచ్చాడు.

"సార్, జర గీ లైను చూడుండ్రి."

"ఏమైంది?"

"మీ ఎడిటర్ సర్దినప్పుడు లైను పక్కకు జరిగింది. ఆఖరి చుక్క డెబ్బై మూడో గడిల పడ్డది."

"పడితే?"

"అక్షరానికో గడి లెక్క, మెషిన్ లైనుకు డెబ్బై రెండు గడులే చదువుతది సార్. గా చుక్క దానికి కనవడది. రెండు లైన్లు కలిసి ఒక్కటైతయి."

రాకేష్ తన తెర చూపించాడు.

"నాకు కనవడ్తాంది గదా. యాడనన్న ఎర్ర గీత ఉన్నదా? తప్పుంటే గిదే చెప్తది."

"తప్పు గాదు సార్, అర్థం మారుతది. కొత్త ఎడిటర్ మంచిదే. డెబ్బై రెండు కాడ గీత పెట్టుకునేది దాంట్ల గూడ ఉన్నది. పెట్టమంటరా?"

పక్క సీటు అక్షిత కుర్చీ జరుపుకొని ఆ లైను వైపు చూడబోయింది.

అదిగో, అక్కడ మండింది రాకేష్‌కు. తన టీం, తన కళ్లముందే, ఈయన మాట వినడమా?

"తాతా, నువ్వొచ్చింది నేర్చుకునేటందుకా, నేర్పేటందుకా?"

లక్ష్మీనర్సయ్య వేలు ఇంకా ఆ లైను మీదే ఉంది.

"కొత్తది నేర్వవు. నేర్చినోళ్లకు అడ్డం వస్తవు. సోమవారం నుంచి రాకు. ఏజెన్సీకి నేను చెప్త. కార్డు ఆడ పెట్టి పో."

అందరూ చూస్తుండగా ఆయన మెడలోని కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకున్నాడు.

"గీత పెట్టుకోండ్రి సార్," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ట్రయల్ పనికని వచ్చిన ఆ శని, ఆదివారాలు ఆఫీసులో అదే వేళాకోళం. చాయ్ ఎన్ని చెప్పాలంటే డెబ్బై రెండు. ఫ్యాన్ ఎంతలో పెట్టాలంటే డెబ్బై రెండు. అందరికన్నా గట్టిగా నవ్వింది రాకేషే.

సోమవారం ట్రయల్ నడిచింది.

చనిపోయిన పాలసీదారుల పేర్లకు గుర్తు పెట్టాలి. ఆ తర్వాత అందరి ఇళ్లకూ ఉత్తరం అచ్చు కావాలి. చేయాల్సింది అంతే.

మధ్యలో చుక్క లేదు. రెండు లైన్లూ ఒక్కటై, ఉత్తరం కూడా చనిపోయిన వాళ్లకే అన్నట్టయింది. బతికున్న వాళ్లలో ఒక్కరికీ ఉత్తరం అచ్చు కాలేదు. అచ్చయినవన్నీ చచ్చిపోయిన వాళ్లవే.

రాకేష్ గబగబా ఆ శుక్రవారం లైనును తెరిచి చూశాడు. అంతలోనే ఫోన్. బీమా కంపెనీ నుంచి స్వర్ణలత. పని ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చే మనిషి ఆవిడే.

"మేడం, ఒక్క చుక్క తప్పింది. పది నిమిషాల్లో సరిచేస్తాను."

"కంగారు పడకండి రాకేష్. ట్రయల్ అన్నాక తప్పులు వస్తాయి. మా నిర్ణయం దాని మీద లేదు."

రాకేష్‌కు ప్రాణం లేచి వచ్చింది. బతికిపోయామని టీం వైపు చేయి ఊపాడు.

"ఒక్క మాట," అంది ఆవిడ. "లక్ష్మీనర్సయ్య గారు శుక్రవారం ఫోన్ చేశారు. 'నా అంతట నేనే మానేసిన, పిల్లలను ఏమనకుండ్రి' అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మీకేమైనా తెలుసా?"

ముసలాయన తన పేరు ఎత్తలేదన్నమాట.

అక్షిత అతని ముఖంలోకే చూస్తోంది. నిజం నాలుక దాకా వచ్చింది. రాకేష్ మింగేశాడు.

"తెలియదు మేడం. పెద్దాయన కదా, ఈ పని చాతగాలేదేమో."



"అలాగా. ముప్పై ఏళ్ల కింద ఈ ప్రోగ్రాంలన్నీ రాసింది ఆయనే. ఆయన పానగల్‌లో ఉన్నారనే ఈ పని మీ ఊరికి పంపాం. తన సంగతి చెబితే పిల్లలు బెదిరి నేర్చుకోరని, చెప్పొద్దన్నదీ ఆయనే. రాసిన మనిషికే చాతగాలేదని మీరే అంటుంటే, ఈ పని ఇంక మీ దగ్గర ఎలా ఉంచమంటారు రాకేష్?"