కొండన్న చెప్పిన చోటు

"మీరు ఛానెలోళ్ళా? ఇప్పుడెందుకచ్చిండ్రు?"

కోరుట్లలోని పిల్లల ఆసుపత్రి వరండాలో పాప తల్లి హేమలత, గది తలుపుకు అడ్డంగా నిలబడింది. రాజనర్సు చేతిలోని గుడ్డసంచిని వెనక్కి దాచుకున్నాడు.

"పాపను ఒక్కసారి చూసిపోదామని, చెల్లె."

"ఏం చూస్తరన్నా. చెయ్యి ఇరిగింది. గిఫ్టు మంచం కింద పెట్టిన అని నేను వాట్సప్‌ల సక్కగనే పంపిన. మీ కోతేమో బీరువ మీద ఉన్నదన్నది. మా సహస్ర పోయి కుర్చీ మీద కుర్చీ ఏసి ఎక్కింది. నేను వంటింట్ల ఉన్న. అయ్యో, తప్పు చెప్తున్నరని లేచేసరికే దబ్బుమని సప్పుడు."

రాజనర్సు తల దించుకున్నాడు.

"ఫోన్ చేస్తే మీ ఆఫీసాయన టెక్నికల్ ప్రాబ్లం అంటడు. కోతి నోట్లె టెక్నికల్ ప్రాబ్లం ఏందన్నా?"

"ప్రాబ్లం కాదు చెల్లె. ఆ కోతిని ఆడించేది నేనే. ఆ మాటన్నది నేనే."

హేమలత అతడిని ఎగాదిగా చూసింది. టీవీలో గంతులేసే కోతిబొమ్మ కొండన్న వెనక ఇలాంటి నెరిసిన మీసాల మనిషి ఉంటాడని ఆమె అనుకోలేదు.

ఆదివారం పొద్దున లైవ్‌లో పుట్టినరోజు పిల్లలను కొండన్న పేరు పెట్టి పిలుస్తాడు. ఇంట్లో వాళ్ళు బహుమతి ఎక్కడ దాచారో చెప్తాడు. పిల్లలు ఉరికి వెళ్ళి చూస్తే అది అక్కడే ఉంటుంది. బల్ల కింద ముడుచుకుని, చేయి పైకెత్తి కూర్చునే రాజనర్సుకు బల్ల చెక్క తప్ప ఏమీ కనపడదు. ఎవరి బహుమతి ఎక్కడుందో రాసిన కాగితం దగ్గర పెట్టుకోమని యాంకర్ స్వప్న ఎప్పుడూ పోరుతుంది. "నాకు నోటికుంటది బిడ్డా" అంటాడతను. నిన్న కూడా అదే అన్నాడు. సిరిసిల్ల పిల్లవాడిది బీరువా మీద, సహస్రది మంచం కింద. అవి అటుదిటు, ఇటుదటు అయ్యాయి. సిరిసిల్ల పిల్లవాడు మంచం కింద వెతికి కాసేపు ఏడ్చి ఊరుకున్నాడు. సహస్రే పడిపోయింది.

వరండా బల్ల మీద కూర్చుని బిస్కెట్లు తింటున్న పిల్లవాడు సంచి వైపు మెడ సాచాడు.

"అండ్ల కొండన్న ఉన్నడా?"

"వీడు దానిష్, మా పక్కింటి పిలగాడు," అంది హేమలత. "పొద్దటిసంది ఈడనే కూసున్నడు. ఇంటికి పొమ్మంటే పోతలేడు."

"గది ఉత్త బొమ్మనే తాత," అన్నాడు దానిష్. "లోపట మనిషి చెయ్యుంటది. నేను చెప్తె సహస్ర ఇనలే. కొండన్న అబద్ధం చెప్పడు, కావాల్నంటె సూడమన్నది. నిన్న మా గల్లీ పోరగాళ్ళం అందరం టీవీ ముంగట కూసున్నం. కొండన్న చెప్పంగనే, పిలుస్త ఆగుండ్రి అని లోపలి అర్రకు ఉరికింది."

రాజనర్సుకు ఆ పిల్లవాడి మొహం చూడబుద్ధి కాలేదు. అంత నమ్మినందుకే కదా ఆ పిల్ల అంత ఎత్తు ఎక్కింది.

"పాపకు నిజం చెప్త చెల్లె. కొండన్న తప్పేం లేదు, ముసలోణ్ణి నేనే మర్చిపోయిన అని కాళ్ళు మొక్కుత."

"వద్దన్నా," హేమలత గొంతు మెత్తబడింది. "రాత్రంత కొండన్నా కొండన్నా అనుకుంటనే పండుకున్నది. ఇప్పుడు అది బొమ్మనే అంటె ఇంకింత ఏడుస్తది. నీ మొకం చూపియ్యకు. కోతితోనే మాట్లాడియ్యి."

"కోతితోని చెప్పిస్తె తప్పు దాని మీదికి పోతది గద."

"దానికేం పానమున్నదా, బాధపడనీకి?"

ప్రతి ఆదివారం కొండగట్టు అంజన్నను తలుచుకుని, బొమ్మను కళ్ళకద్దుకున్నాకే రాజనర్సు చేతికి తొడుక్కుంటాడు. తన నోటి పొరపాటును ఆ బొమ్మ నోట పలికించి తాను చాటున ఉండిపోతే, అది ఆ పిల్ల కోసం చేసినట్టా, తన మొహం దాచుకున్నట్టా? దేవుడు దాన్ని ఏ లెక్కలో వేసుకుంటాడో అతనికి తెలియలేదు. కానీ తల్లి అడుగుతోంది. కాదనే మొహం తనకు లేదు.

సహస్ర కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. కుడి చేతికి మోచేతి పైదాకా తెల్లటి కట్టు. రాజనర్సు చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. బొమ్మను కళ్ళకద్దుకుని తొడుక్కుని, తల వంచి, చేయి పైకెత్తాడు.

"సహస్రా, నేను కొండన్నను."

మంచం కిర్రుమంది.

"నువ్వస్తవని నాకు తెల్సు."

"తప్పు నాదే బిడ్డా." కోతి గొంతు మధ్యలో జారి, అతడి సొంత గొంతు బయటపడింది. గట్టిగా దగ్గి సర్దుకున్నాడు. "నీ గిఫ్టు మంచం కిందనే ఉన్నది. బీరువ మీద ఉన్నదని నీకు అబద్ధం చెప్పిన. లేనిదాని కోసం నువ్వు ఊకెనే ఎక్కి పడ్డవు."

చిన్న అరచేయి ఒకటి వచ్చి కోతి నోరు మూసింది. బొమ్మ లోపల రాజనర్సు వేళ్ళు ఆ ఒత్తిడికి దగ్గరయ్యాయి.

"మెల్లగ అను కొండన్నా, దానిష్ ఇంటడు," పాప గుసగుసలాడింది. "మంచం కింద ఉన్నదని నాకు ముందుగాలనే తెల్సు. అమ్మ పెట్టంగ చూసిన. దాన్ని తీస్కపోయి నువ్వు చెప్పిన కాడ పెడదామనే నేను బీరువ ఎక్కిన."