పన్నెండున్నర చేపలు

"చేపలోయ్... కొర్రమీనోయ్!"

ఉషశ్రీ దుప్పటి చెవుల మీదికి లాక్కుంది. గోడ గడియారంలో సరిగ్గా పన్నెండున్నర.

చోద్యం కాకపోతే, వంటలైపోయి అందరూ కంచాల ముందు కూర్చునే వేళ చేపలెవరు కొంటారు?

ఎవరూ కొనరు. వట్లూరులో ఆ వీధి వీధంతా నవ్వుకుంటుంది. అయినా చేపలమ్మే ఏసోబు రోజూ ఆ వేళకే మోపెడ్ వేసుకొస్తాడు. ఆమె కిటికీ కిందే ఆపి గొంతు చించుకుంటాడు.

ఉషశ్రీ టీచరు. నాలుగు నెలలుగా బడి మొహం చూడలేదు. బైపోలార్ అన్నారు ఏలూరు డాక్టరమ్మగారు. కొన్నాళ్ళు ఉరుకులు పరుగులు, కొన్నాళ్ళు మంచం. ఇప్పుడు మంచం వంతు. తల దువ్వుకోవడం కూడా కొండెక్కినంత పనిగా ఉంది.

మాత్రలతో పాటు డాక్టరమ్మ, దిగులు తగ్గడానికని, ఎండలా వెలిగే ఓ లైటు పెట్టె ఇచ్చారు.

"ఎవరో వాడుకుని, బాగయ్యాక మాకే ఇచ్చేశారమ్మా. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి దీని ముందు కూర్చోండి. పొద్దున్నే వద్దు, మరీ హుషారెక్కిపోవచ్చు. మాత్రలు మాత్రం మానకండి."

భర్త శ్రీకర్ దాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాడు. విరిగిన స్టాండుకి ఎవరో ఆకుపచ్చ దారంతో గట్టిగా కట్టు కట్టారు.

"జూన్లో బడి తెరిచేసరికి నువ్వు క్లాసులో ఉండాలి ఉషా," అని చెప్పి, తాడేపల్లిగూడెంలో ఉద్యోగానికి వెళ్ళిపోయేవాడు.

మొదటి వారం లైటు వెలగనేలేదు. లేవాలి కదా! లేపడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?

ఆ తర్వాతే ఈ చేపల గోల మొదలైంది.

కిటికీ మూయడానికైనా లేవక తప్పేది కాదు. ఎలాగూ లేచాను కదా అని లైటు వేసుకుని కూర్చునేది. రోజూ ఇదే వరస.

ఆరు వారాలకి జడ వేసుకుంది. వంటింట్లోకి వెళ్ళింది. ఓ రోజు ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ పకపకా నవ్వింది కూడా.

నవ్వొచ్చిన మనిషికి కోపం రాదా? అదీ వచ్చింది.

"ఏం పెద్దాయనా, ఈ వేళప్పుడు చేపలేంటి? ఇంకెప్పుడూ మా వీధికి రావద్దు!"

"అలాగేనండి. ఇప్పుడు కులాసాగా ఉందాండి?"

"నా కులాసాతో మీకేం పని?"

ఏసోబు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

జూన్లో బడి తెరిచారు. ఉషశ్రీ నాలుగో తరగతి హాజరు పిలిచింది. చివరి పేరు దగ్గరికొచ్చేసరికి సంతోషంతో ఆమెకి కళ్ళు చెమర్చాయి.

ఓ ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని లైటు తుడుస్తోంది. ఇంకెవరికైనా పనికొస్తుంది, ఇచ్చేద్దామని.

గేటు దగ్గర చేపల గంప దిగింది. ఏసోబు భార్య కృపమ్మ.

"అయ్యో, ఇది మా లైటేనండి! ఆ వలదారం నేనే కట్టానండి."

ఉషశ్రీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మీదా?"

"రెండేళ్ళ కిందట మా ఆయనా మంచం దిగేవారు కాదండి. రోజూ నేనే లేపి కూర్చోబెట్టేదాన్ని. బాగయ్యాక ఆయనే పట్టుకెళ్ళి డాక్టరమ్మగారికి ఇచ్చేశారు. మొన్న వేసవిలో ఈ దారిన పోతూ చూశారంటండి. 'మన లైటు ఓ కిటికీలో ఉందే, పన్నెండున్నరైనా వెలగట్లేదే, పాపం లేపేవాళ్ళు లేరేమో' అని ఒకటే బెంగ."

ఉషశ్రీ లైటు పక్కన పెట్టి లేచింది. రావద్దని తరిమింది తనే కదా!

"వచ్చే ఆదివారం ఆయన్ని తప్పకుండా రమ్మనండి. ఆ పన్నెండున్నరకే రమ్మనండి. చేపలన్నీ నేనే తీసుకుంటాను."

కృపమ్మ నవ్వేసింది.

"ఆ వేళకి చేపలెక్కడివండీ? తొమ్మిదికల్లా అయిపోతాయి. మీ కిటికీ కిందికి రోజూ ఖాళీ గంపతోనే వచ్చేవారండి."