ఇంట్లో ఎవరైనా?

"మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా గుండె ఆగి చనిపోయారా?"

జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ ఈ మాట అడగడం ఇది రెండోసారి. రెండు నెలల కింద అడిగినప్పుడు కృపారాణి "ఎవ్వరు లేరు మేడం" అంది. ఆ జవాబు రాసుకున్నాకే డాక్టరమ్మ క్రాంతికి మాత్ర మొదలుపెట్టింది.

కృపారాణి కూతురు క్రాంతికి తొమ్మిదేళ్లు. ఒక్క చోట కూర్చోదు. ఒక్క లెక్క పూర్తి చేయదు. మాత్ర పడ్డ వారానికే బుద్ధిగా కూర్చుని పేజీలకు పేజీలు రాసింది. కృపారాణి మురిసిపోయింది.

తర్వాత పిల్లకు అన్నం సయించడం మానేసింది. కంటి మీద కునుకు కరువైంది. "అమ్మా, గుండె దడదడ కొట్టుకుంటున్నదే" అనడం మొదలుపెట్టింది.

నిన్న గల్లీలో అంటుడాట ఆడుతూ బొక్కబోర్లా పడింది. నీళ్లు చల్లినా చాలాసేపు కళ్లు తెరవలేదు.

సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. తమ ఊరు పెగడపల్లి నుంచి ఆటో దొరకడమే గగనమైంది. దారిలో రెండు చోట్ల రాస్తారోకో. రెండు చోట్లా కృపారాణి తల్లి రూతమ్మను చూడగానే యువకులు దండం పెట్టారు.

"అమరుని తల్లి అచ్చింది, జరుగుండ్రి!"

రూతమ్మ కొడుకు అజయ్ ఫొటో మండలంలో ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంది. ఇరవై ఏళ్లవాడు. కోరుట్ల ర్యాలీలో లాఠీ దెబ్బకు నేలకొరిగాడని దాని కింద రాసి ఉంటుంది. సభ ఎక్కడ జరిగినా రూతమ్మకు వేదిక మీద కుర్చీ వేస్తారు.

డాక్టరమ్మ క్రాంతి ఎద మీద నుంచి స్టెతస్కోపు ఇంకా తీయలేదు.

"ఈ మాత్ర గుండె వేగం పెంచుతుంది. గుండె మంచిదైతే తట్టుకుంటుంది. పుట్టుకతో లోపం ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అది ఒక్కోసారి వంశంలోనే ఉంటుంది. అందుకే మళ్లీ అడుగుతున్నా."

రూతమ్మ అందుకుంది. "మా ఇంట్ల గసొంటి చావు లేదు బిడ్డా. నా కొడుకొక్కడే పాయె. గాడు తెలంగాణ కోసం పాయె."

డాక్టరమ్మ చేతులు జోడించింది.

"వంశంలో లేదంటే, తిండి లేని నీరసానికే పడిపోయి ఉంటుంది. సమ్మె అయ్యాక కరీంనగర్లో గుండెకు పెద్ద పరీక్ష చేయిద్దాం. అప్పటిదాకా మాత్ర ఆపకండి."

చీటీ రాయసాగింది.

కృపారాణి బిడ్డ మణికట్టు పట్టుకుంది. నాడి ఆగకుండా తన్నుకుంటోంది. రూతమ్మ కూతురి కొంగు లాగింది.

"లే, పోదాం పా."

కృపారాణి లేవలేదు.

"రాయకుండ్రి మేడం. మా తమ్ముడు ర్యాలీకే పోలే, ఆ పొద్దు పోలీసు కొలువు కోసమని గ్రౌండ్ల ఉరుకుతుంటే గుండె ఆగి పడ్డడు."