షెడ్డులోంచి తెచ్చిన సీసా

"ఈ సీసా ఎక్కడిది అత్తయ్యా?"

కోడలు తాగేసిన గ్లాసు కింద పెట్టి సీసా అందుకుంది. ఖాళీ సీసా మీద, వడ్రంగి పని చేసే తన భర్త చేతిరాత ఉంది: 'పాలిష్ స్పిరిట్. విషం.'

"షెడ్డులోదేనమ్మా. జామ్ చెయ్యగా మిగిలిన ప్లమ్ పళ్ళు, నారింజ తొక్కలు పారెయ్యబుద్ధి కాక జాడీలో వేసి, ఈ సీసాలోది పోసి, పంచదారతో ఊరబెట్టాను. కళ్ళజోడు లేకుండా నాకు అక్షరాలెక్కడ కనిపిస్తాయి? బ్రాందీ వాసనే వచ్చిందిగా!"

"చెరో గ్లాసూ తాగేశాం. ఇది తాగితే కళ్ళు పోతాయి అత్తయ్యా!"

అత్తగారు కుర్చీలో కూలబడింది. కోడలికి అప్పుడే కిటికీలో వెలుగు మసకబారినట్టు అనిపించింది. "ఏవండీ!" అని ఆమె పెట్టిన కేకకి అతను పరుగున వచ్చాడు.

"బండి తియ్యండి! ఆసుపత్రికి పోదాం!"

అతను సీసా చూశాడు, పళ్ళ జాడీ చూశాడు.

"ఏం కాదులే," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఇక్కడ ప్రాణాలు పోతుంటే ఏం కాదంటారేంటి?"

అతను జాడీ ఎత్తి గటగటా రెండు గుక్కలు తాగాడు. "విషం కాదే. ఎవరూ ముట్టుకోకూడదని అలా రాసి పెట్టాను."

తాగుడు మానేశానని మూడేళ్ళ కిందట కూతురి మీద ఒట్టేసిన మనిషి.

"అలాంటి సీసాలు అక్కడ వరసగా ఉన్నాయి కదరా," అంది తల్లి మెల్లగా.

కోడలి చూపు కట్టు కట్టిన అతని చేతి మీద ఆగింది.

"మొన్న రంపం కింద వేలు పోయిన రోజు కూడానా?"

అతను ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు.