చెరిపేసిన మెసేజ్

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు కంపెనీ లాయరమ్మ సూపర్‌వైజర్‌ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. మెషీన్ కింద చెయ్యి నలిగిన కార్మికుడు నష్టపరిహారానికి దావా వేశాడు. ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్నదేదీ చెరపొద్దని కోర్టు ఇరుపక్షాలకూ ఆదేశం ఇచ్చింది.

"ఆదేశం అందిన సాయంత్రమే మీ ఫోన్లో ఒక మెసేజ్ చెరిపేశారని, అది తిరిగి రాదని కోర్టు పంపిన కంప్యూటర్ నిపుణుడు చెబుతున్నాడు. ఏముంది అందులో?"

సూపర్‌వైజర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మెషీన్‌కి అడ్డుగా ఉండే రేకు ఊడింది, పని ఆపేద్దామని ప్రమాదానికి ముందురోజే ఓనరుకి పెట్టానండీ. తెలిసీ నడిపించావని నన్నే పట్టుకుంటారేమోనని..."

"అయ్యో, మిమ్మల్ని కాపాడేది అదొక్కటేనయ్యా! ఓనరు పాత ఫోను ఆదేశానికి ముందే నీళ్లలో పడి పాడైందట. రేకు సంగతి తనకెవరూ చెప్పలేదని ఆయన కోర్టుకి రాసిచ్చారు. ఇక తప్పంతా మీ మీదికే వస్తుంది."

"ఆయన మా బావండీ! తుడిచెయ్యి బామ్మర్దీ, ఇద్దరం గట్టెక్కుతాం అన్నది ఆయనే!"

"అన్నట్టు రుజువుందా?"

"ఎందుకుండదండీ? పక్క గదిలో ఉన్న మా అక్కని మంచినీళ్లు అడగడానిక్కూడా మెసేజే పెట్టే మనిషి!"

అతను ఫోను తీశాడు. బావ పేరు నొక్కాడు. లాయరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని తనూ చూసింది.

ఆ సాయంత్రం బావ నుంచి మెసేజ్ ఒక్కటీ లేదు. ఫోన్ కాల్ ఒకటుంది.